పాత లారీ మళ్ళీ కదిలింది

పాఠ్యభాగ పరిచయం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. ఒక కుటుంబం కలిసి ఒక పాత లారీని వెదకి, బాగుచేసి, నడిపించే పని ఎలా సాగుతుందో ఇందులో తెలుసుకుంటారు. పాఠంలోని కుటుంబం కల్పితం. లారీల చరిత్ర, యంత్రం పనిచేసే తీరు, తీసుకోవలసిన జాగ్రత్తలు వాస్తవాలు. చదివేటప్పుడు షెడ్డుల్లో పనివాళ్ళు వాడే మాటలను గమనించండి.

పాఠం

మనిషి తీరిక వేళల్లో ఇష్టంతో చేసే పనిని అభిరుచి అంటారు. కొందరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. కొందరు పాత నాణేలు దాస్తారు. ఇంకొందరు మూలపడిన మోటారు వాహనాలను వెదకి తెచ్చి, బాగుచేసి, మళ్ళీ నడిపిస్తారు. బ్రిటన్‌లో పాత లారీలు, బస్సుల మీద మక్కువ ఉన్నవారు 1958లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1962లో లండన్ నుంచి బ్రైటన్ వరకు పాత వాహనాల యాత్ర ప్రారంభించారు. అమెరికాలో లారీల చరిత్రను భద్రపరచడానికి 1971లో ఒక సంఘం వెలసింది. మన దేశంలో హర్యానాలోని తావడూ వద్ద 2013లో ప్రారంభమైన రవాణా వారసత్వ మ్యూజియంలో రకరకాల పాత వాహనాలను చూడవచ్చు.

పాత కార్లను దాచుకునేవారు చాలామంది ఉన్నారు. పాత లారీలను దాచుకునేవారు తక్కువ. దీనికి కారణం లేకపోలేదు. రాజులు, జమీందారులు, సంపన్నులు వాడిన కార్లు నీడపట్టున నిలిచాయి. తుడిచేవారు, కాపాడేవారు వాటికి ఉండేవారు. లారీ బతుకు అలాంటిది కాదు. ఎండలో, వానలో, ఘాట్ రోడ్లలో బరువు మోసినంత కాలం మోసింది. మోయలేని రోజున పాత ఇనుము కింద తూకానికి అమ్ముడుపోయింది. ధాన్యం, బెల్లం, నూలు, ఇటుకలు ఊరూరికీ చేర్చిన బండికి దాని పని ముగిశాక చోటు లేకుండా పోయింది. అందువల్ల ఒక పాత లారీని నిలబెట్టడమంటే శ్రమ చరిత్రలో ఒక పుటను కాపాడడమే.

మన దేశంలో లారీల రాక

మోటారుతో నడిచే మొదటి లారీని 1896లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ తయారు చేశాడు. మన దేశంలో మొదట విదేశాల నుంచి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవారు. జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలో ఇటువంటి పని ప్రారంభించింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కరువై, బొగ్గుల నుంచి పుట్టిన వాయువుతో కూడా లారీలు, బస్సులు నడిచాయి. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని లారీలు ప్రజల చేతికి వచ్చాయి.

1944లో ఏర్పడిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1947 నుంచి బొంబాయిలోని కుర్లాలో డాడ్జ్, ఫార్గో లారీలను బిగించింది. 1948లో మద్రాసు దగ్గరి ఎన్నూరులో అశోక్ మోటార్స్ మొదలయింది. అది 1955లో అశోక్ లేలాండ్ అయింది. 1980లో హోసూరులో కూడా ఆ సంస్థ కర్మాగారం వెలసింది. జంషెడ్‌పూర్‌లోని టాటా సంస్థ 1954లో జర్మనీ కంపెనీ సహకారంతో లారీల తయారీకి పూనుకొంది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. ఆ లారీల ముందు భాగాన నక్షత్రం గుర్తు ఉండేది. డ్రైవర్లు వాటిని బెంజి లారీలు అనేవారు.

ఆ రోజుల్లో కంపెనీ నుంచి చాసిస్, ఇంజను, ముందరి రేకు మాత్రమే వచ్చేవి. క్యాబిను, వెనుకటి తొట్టి స్థానికంగా వడ్రంగులు కొయ్యతో కట్టేవారు. తమిళనాడులో నామక్కల్, తిరుచెంగోడు, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ ఈ పనికి పేరు పొందాయి. ఒకే కంపెనీ లారీ అయినా ఊరిని బట్టి దాని రూపు మారేది. ఇంజను విదేశీ నమూనాదైనా, తొట్టిలో మన వడ్రంగి చెయ్యి కనబడేది.

వెదుకులాట

హోసూరు దగ్గరి పల్లెలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తాత చిన్న వయసులోనే ఫార్గో లారీ మీద క్లీనరుగా చేరి, తరువాత డ్రైవరై, పని మానుకొని ఇంటి పట్టున ఉన్నాడు. కొడుకు ఇనుప సామాన్ల కొట్టు నడుపుతాడు. కోడలు ఇంటి లెక్కలు చూస్తుంది. మనవడు ఐ.టి.ఐ.లో, మనవరాలు ఎనిమిదో తరగతిలో చదువుతున్నారు.

అటువంటి కుటుంబానికి పాత లారీ ఎక్కడ దొరుకుతుంది? మూతబడిన బియ్యపు మిల్లుల వెనుక, ఇటుకబట్టీల పక్కన, తోటల్లో, పాత ట్రాన్స్‌పోర్టు షెడ్లలో వెదకాలి. ముసలి డ్రైవర్లను, మెకానిక్కులను అడిగితే జాడ తెలుస్తుంది. ఈ కుటుంబానికి ఒక ఇటుకబట్టీ వెనుక చింతచెట్టు కింద 1950ల నాటి పెట్రోలు ఫార్గో కనిపించింది. దాని చక్రాలు సగం మట్టిలో దిగబడి ఉన్నాయి. పాత ఇనుము వ్యాపారి అప్పటికే తూకం మీద ధర కట్టి పోయాడు. మరునాడు కోత యంత్రంతో వస్తానన్నాడు.

తాత బానెట్టు ఎత్తి చూశాడు. "ఆరు సిలిండర్లూ ఉన్నాయిరా. కార్బురేటరు కూడా ఉంది" అన్నాడు.

"నాయనా, కొనడం ఒక ఎత్తు. బాగుచేయడం పది ఎత్తులు. మధ్యలో డబ్బు చాలకపోతే మన పెరట్లో తుప్పు పడుతుంది. అంతే తేడా" అన్నాడు కొడుకు.

ఆ మాటలో నిజముంది. ఉత్సాహంతో మొదలుపెట్టి సగంలో వదిలేసిన బండ్లు ఎన్నో. విప్పి పడేసిన బండి విప్పని బండి కంటే త్వరగా పాడవుతుంది. భాగాలు చెల్లాచెదురై పోతాయి.

కోడలు ఒక నోటు పుస్తకం తీసింది. "మామా, నెలకు ఇంత అని పక్కన పెడదాం. ఆ నెల డబ్బు అయిపోతే పని ఆపుదాం. మళ్ళీ నెల మొదలుపెడదాం. తొందర లేదు కదా" అంది. ఆ మాటతో బేరం కుదిరింది.

డబ్బు ఇవ్వడానికి ముందు కాగితాలు చూడాలి. చాసిస్ మీద కొట్టిన సంఖ్య, ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పుస్తకంలోని వాటితో సరిపోవాలి. యజమాని చనిపోయి ఉంటే వారసుల సమ్మతి కావాలి. బండి పొరుగు రాష్ట్రానిదైతే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. పాత నంబరు పలక కూడా చరిత్ర చెబుతుంది. 1989లో నంబర్ల పద్ధతి మారకముందు మైసూరు రాష్ట్రపు బండ్లకు ఎం.వై., మద్రాసు రాష్ట్రపు బండ్లకు ఎం.డి., ఎం.ఎస్. వంటి అక్షరాలు ఉండేవి. సరిహద్దు ఊళ్ళలో దొరికే బండి ఏ రాష్ట్రంలో తిరిగిందో ఆ పలకే చెబుతుంది.

పట్టేసిన ఇంజను

పనికి ముందు భద్రత చూసుకోవాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి స్టాండ్లు గాని, దళసరి కొయ్య దిమ్మెలు గాని పెట్టాలి. ప్రతి భాగాన్నీ విప్పకముందు ఫోటో తీయాలి. విప్పిన బోల్టులను సంచుల్లో వేసి చీటీలు కట్టాలి. ఈ పని మనవరాలిది. ఆమె పుస్తకంలో భాగం పేరు, విప్పిన తేదీ, తాత చెప్పిన మాట వరసగా రాస్తుంది.

ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజనులో పిస్టన్లు సిలిండర్ల గోడలకు తుప్పుతో అంటుకుంటాయి. దీన్నే షెడ్డు భాషలో ఇంజను పట్టేయడం అంటారు. ఇంకో బండికి కట్టి లాగితే తిరుగుతుందని కొందరంటారు. అలా చేస్తే రింగులు విరుగుతాయి, రాడ్లు వంగుతాయి. ఆరు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొంచెం డీజిలు, కొంచెం ఇంజనాయిలు కలిపి పోయాలి. కొద్ది రోజులు కదపకుండా వదలాలి. తరువాత ముందు హ్యాండిలుతో అటూ ఇటూ మెల్లగా ఒత్తి చూడాలి. కదలకపోతే మళ్ళీ పోసి, మళ్ళీ ఆగాలి. బలం కంటే ఓపిక ఎక్కువ పనిచేసే చోటు ఇది.

పన్నెండో రోజున హ్యాండిలు వేలెడంత కదిలింది. మరి రెండు రోజులకు పూర్తి చుట్టు తిరిగింది.

అటు తరువాత పాత ఆయిలు దించారు. అది పాలరంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. రేడియేటరును కడిగారు. పెట్రోలు ట్యాంకును విప్పి శుభ్రం చేశారు. ఖాళీ ట్యాంకులో కూడా పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే అది పేలుతుంది. అందుచేత ట్యాంకుకు వెల్డింగు ఇంట్లో చేయకూడదు. ఆ పని తెలిసిన మేస్త్రికి అప్పగించాలి.

ఆనాటి లారీలలో చాలావాటికి 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. తీగల మీది గుడ్డ పొర పెళుసెక్కి రాలిపోతుంది. వాటిని పూర్తిగా మార్చవలసిందే. ఆరు సిలిండర్లకు నిప్పురవ్వ 1, 5, 3, 6, 2, 4 అనే వరుసలో అందాలి. తీగలు తారుమారైతే ఇంజను దగ్గుతుందే గాని నడవదు. అరవై ఏళ్ళు గడిచినా ఈ ఆరు అంకెలను తాత పాటలా అప్పగించాడు. మనవడు తీగలు తగిలించాడు. ఇసుక బక్కెట్లు పక్కన పెట్టుకొని హ్యాండిలు కొట్టారు. కొంత తెల్లపొగ, కొంత నల్లపొగ వచ్చాక ఇంజను పలికింది.

ఆగలేని బండి

ఇంజను పలికిన రోజు ఇంట్లో అందరికీ పండుగే. ఆ వారంలోనే ఊరి జాతర.

"తాతా, ఒక్కసారి గుడిదాకా పోయి వద్దాం. మెల్లగా నడుపుతాను" అన్నాడు మనవడు.

"బ్రేకు పని కాలేదు కదరా."

"తొక్కితే పట్టుతోంది తాతా."

"ఇప్పుడు పట్టుతుంది. జనం మధ్యలో పట్టకపోతే? కదలడం ఇంజను పని. ఆగడం బ్రేకు పని. ఆగలేని బండి కదలకూడదు" అన్నాడు తాత. తాళంచెవి తీసి కోడలి చేతికిచ్చాడు. మనవడు ఆ పూట అన్నం తినలేదు. జాతర లారీ లేకుండానే గడిచింది.

తాత మాటకు శాస్త్రాధారం ఉంది. పెడలు తొక్కినప్పుడు గొట్టాలలోని బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని అన్ని చక్రాలకూ చేరవేస్తుంది. మూసి ఉన్న ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ నియమమే దీనికి ఆధారం. అయితే బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ లోపల తుప్పు పట్టిస్తుంది. ఎక్కువసార్లు బ్రేకు వేసి వేడెక్కితే ఆ నీరే ఆవిరవుతుంది. ఆవిరి ద్రవంలా ఒత్తిడిని మోయదు, నలుగుతుంది. అప్పుడు పెడలు నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. లోపలి రబ్బరు కప్పులు, గొట్టాలు కూడా వయసుతో చిట్లుతాయి. చూడడానికి బాగున్నా వాటిని నమ్మకూడదు.

పాత బ్రేకు లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాని పొడి ఊపిరితిత్తులకు హానికరం. అందువల్ల గాలి కొట్టి దులపకూడదు. తడిపి, మూతికి సరైన మాస్కు కట్టుకొని తుడవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. పాత రంగులో సీసం కూడా ఉండవచ్చు. పొడిగా రుద్దకుండా తడి గరుకు కాగితం వాడాలి.

ఈ పనికి మూడు నెలలు పట్టింది. కప్పులు, గొట్టాలు, లైనింగులు, టైర్లు అన్నీ కొత్తవి వేశారు. ఇంటి వెనుక చదునైన చోట మనిషి నడకంత వేగంతో మొదట నడిపి, ఆపి చూశారు. మనవడే స్టీరింగు పట్టాడు. తాత పక్కన కూర్చున్నాడు. బండి కదిలింది. ఆగమన్న చోట ఆగింది.

ఏది ఉంచాలి? ఏది మార్చాలి?

పాత వాహనాన్ని బాగుచేసేవారికి ఎదురయ్యే పెద్ద ప్రశ్న ఇది. అన్నీ మారిస్తే పాతది మిగలదు. ఏదీ మార్చకపోతే అది నడవదు. ఈ కుటుంబం మూడు నియమాలు పెట్టుకుంది. బాగుచేయగలిగిన దానిని మార్చకూడదు. ప్రాణం ఆధారపడిన దానిని పాతదన్న మమకారంతో ఉంచకూడదు. మార్చిన ప్రతిదానిని పుస్తకంలో రాసి, తీసిన భాగాన్ని దాచాలి.

తొట్టి పలకలలో కొన్ని పుచ్చిపోయాయి. వాటిని తీసి అదే రకం కొయ్యతో వడ్రంగి కొత్తవి వేశాడు. పక్క కొయ్యల పై అంచున మాత్రం లోతైన గాడులు ఉన్నాయి. వాటిని మైనంపిండితో పూడ్చి, నున్నగా చేసి, రంగు వేస్తానన్నాడు పెయింటరు. "ఆ గాడులు ఎలా పడ్డాయి తాతా?" అని అడిగింది మనవరాలు. సరుకు మీద పరదా కప్పి, మోకులు వేసి బిగించేవారు. లక్షల సార్లు బండి ఊగినప్పుడు ఆ మోకులు ఒరుసుకొని ఒరుసుకొని కొయ్య అరిగింది. ఈ సంగతి విన్నాక వాటిని పూడ్చడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గాడుల మీద నూనె మాత్రం రాశారు. ఆ బండి మోసిన బరువుకు అవే సాక్ష్యం.

చట్టం ఏమంటుంది?

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పురాతన వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలు చేసింది. మొదటి నమోదు జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము నిర్ణయించారు. నమోదు 10 ఏళ్ళు చెల్లుతుంది. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు చేరుతాయి. ఇలా నమోదైన బండిని ప్రదర్శనలకు, యాత్రలకు, మరమ్మతులకు నడపవచ్చు. కిరాయికి తిప్పకూడదు. ఈ నియమాలు ముఖ్యంగా ద్విచక్ర వాహనాలను, కార్లను ఉద్దేశించి చేసినవి. కాబట్టి లారీ కొనదలచినవారు తమ బండిని ఏ తరగతి కింద నమోదు చేస్తారో ముందుగానే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. కాగితాలు లేని బండి ఎంత బాగా నడిచినా పెరడు దాటకూడదు.

పుస్తకంలో మిగిలినది

పని ముగిసేసరికి మనవరాలి నోటు పుస్తకం నిండింది. అందులో బోల్టుల లెక్క ఉంది, ఖర్చు లెక్క ఉంది. పట్టేసిన ఇంజనును ఎలా బతిమాలాలో ఉంది. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలో, చలికాలంలో హ్యాండిలు ఎలా పట్టుకుంటే వెనక్కి తన్ని చెయ్యి విరగకుండా ఉంటుందో తాత చెప్పిన మాటల్లోనే ఉంది. తమిళం, కన్నడం, ఉర్దూ, తెలుగు కలగలిసిన షెడ్డు మాటలన్నీ అందులో ఉన్నాయి. ఇవి ఏ కంపెనీ పుస్తకంలోనూ దొరకవు. ఆ పని చేసిన చేతుల్లో, ఆ చేతులు గలవారి జ్ఞాపకాల్లో మాత్రమే ఉంటాయి.

ఇనుము తుప్పు పడితే గీకి రంగు వేయవచ్చు. పని తెలిసిన మనిషి వెళ్ళిపోతే ఆ విద్యను తిరిగి తెచ్చుకోవడం కష్టం. అందరికీ పాత లారీ కొనే శక్తి ఉండదు. ఇంట్లోనో, వీధిలోనో ఉన్న ఒక ముసలి డ్రైవరు దగ్గర, ఒక వడ్రంగి దగ్గర, ఒక నేతగాడి దగ్గర కూర్చొని అడిగి రాసుకునే శక్తి మాత్రం ప్రతి విద్యార్థికీ ఉంది. వారు చెప్పగలిగిన నాడే అడగాలి.

కొత్త పదాలు – అర్థాలు

అభిరుచి = ఇష్టంతో చేసే వ్యాపకం
మక్కువ = ఇష్టం, ప్రీతి
చాసిస్ = వాహనానికి ఆధారమైన ఇనుప చట్రం
తొట్టి = లారీలో సరుకు నింపే భాగం
నిరభ్యంతర పత్రం = అడ్డులేదని అధికారులు ఇచ్చే పత్రం
దళసరి = మందమైన
మోకు = లావైన తాడు
గాడి = ఒరిపిడి వల్ల పడిన పల్లం
పరదా = సరుకు మీద కప్పే మందపాటి గుడ్డ

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.

1. పాత కార్ల కంటే పాత లారీలు తక్కువగా మిగలడానికి కారణమేమి?
2. పట్టేసిన ఇంజనును వేరే బండికి కట్టి ఎందుకు లాగకూడదు?
3. పెయింటరు గాడులు పూడ్చడానికి కుటుంబం ఎందుకు ఒప్పుకోలేదు?

II. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.

1. "ఆగలేని బండి కదలకూడదు" అన్న తాత మాటను శాస్త్రాధారంతో వివరించండి.
2. కుటుంబం పెట్టుకున్న మూడు నియమాలు ఏవి? వాటిలో ఏది పాటించడం కష్టమని మీరు భావిస్తారు? ఎందుకు?

III. భాషాంశాలు

1. 'బండి కదిలింది' – ఇందులో కర్మ లేదు. ఇది అకర్మక క్రియ. 'మనవడు బండిని కదిలించాడు' – ఇందులో కర్మ ఉంది. ఇది సకర్మక క్రియ. ఈ విధంగా కింది క్రియలకు సకర్మక రూపాలు రాసి, సొంత వాక్యాలలో ప్రయోగించండి.
ఆగింది, తిరిగింది, విరిగింది, నిండింది, వంగింది

2. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
ఒక్కొక్క, వేలెడంత, శాస్త్రాధారం

3. 'ఇంజను పలికింది', 'ఇంజను దగ్గుతుంది' – ఇక్కడ యంత్రానికి ప్రాణుల పనులను ఆరోపించారు. ఇటువంటి మాటలు మీ ఊరి పనివాళ్ళ నోట విన్నవి మూడు రాయండి.

IV. చేయవలసిన పని

మీ ఊళ్ళో చాలా కాలం లారీ, బస్సు, పడవ లేదా మగ్గం మీద పనిచేసిన ఒక పెద్దమనిషిని కలవండి. ఆ పనికి చెందిన ఇరవై మాటలను, అవి ఏ భాష నుంచి వచ్చాయో అడిగి రాయండి. తరగతిలో చదివి వినిపించండి.